మీ కరపత్రాలు అచ్చేసినవాడి ఉత్తరం

రెండు పెద్ద పార్టీలకు బయట నిలబడుతున్న చిన్న పార్టీల నాయకులకు, కార్యకర్తలకు, ఇండిపెండెంట్ అభ్యర్థులకు

నమస్కారం.

మీలో కొందరికి నేను తెలుసు. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో నాది చిన్న ప్రెస్సు. ఒక మినీ ఆఫ్‌సెట్ మిషను, ఒక కటింగ్ మిషను, రెండు కంప్యూటర్లు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, స్కూళ్ల ఫీజు కార్డులు వేస్తాను. ఎన్నికలొస్తే కరపత్రాలు. పెద్ద పార్టీల పని లక్షల కాపీల్లో ఉంటుంది, పెద్ద ప్రెస్సులకు పోతుంది. నా గుమ్మం ఎక్కేది మీరే.

మీరు ఎప్పుడు వస్తారో కూడా నాకు తెలుసు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసి, గుర్తు చేతికొచ్చిన రోజు రాత్రి వస్తారు. "అన్నా, గుర్తు ఇచ్చారు, తెల్లారేసరికి రెండు వేలు కావాలి" అంటారు. 2024లో ఆ గడువు ఏప్రిల్ 29, పోలింగ్ మే 13. మధ్యలో రెండు వారాలు. రెండు లక్షలకు పైగా ఓటర్లున్న నియోజకవర్గంలో, అప్పటిదాకా ఎవరూ చూడని గుర్తును, రెండు వారాల్లో, రెండు వేల కాగితాలతో జనానికి అలవాటు చేయాలనుకుంటారు. ప్రూఫు దిద్దుతున్నప్పుడు మీ ముఖాల్లో ఆశ చూశాను. ఫలితాలయ్యాక డిపాజిట్ పోయిన పదివేలు తలుచుకుంటూ బాకీ కట్టడానికి వచ్చినప్పుడు కూడా చూశాను. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. పెద్ద పార్టీలకు రాసి ప్రయోజనం లేదు. ఇప్పుడున్న పద్ధతి వాళ్లకు బాగానే ఉంది.

"జనం మారరు, ఎంతసేపూ ఆ రెండు పార్టీలకే గుద్దుతారు" అని మీలో చాలామంది నా షాపులో కూర్చుని అన్నారు. ఆ మాట నిజం కాదని చెప్పడానికే మొదలుపెట్టాను.

మా నాన్నకు గవర్నర్‌పేటలో ట్రెడిల్ ప్రెస్సు ఉండేది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి కంపోజ్ చేసే రోజులు. 1982 మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టారు. 1983 జనవరి ఎన్నికల్లో 294 స్థానాల్లో రెండు వందలకు పైగా గెలిచారు. మధ్యలో తొమ్మిది నెలలే. రాష్ట్రం పుట్టినప్పటి నుంచీ గద్దె దిగని కాంగ్రెస్‌ను ఈ జనమే దించారు. ఆ కాంగ్రెస్‌కే 2014లో మన పదమూడు జిల్లాల్లో అసెంబ్లీకి ఒక్క సీటు కూడా రాలేదు. 2019లో రాలేదు. 2024లోనూ రాలేదు. దాని చోటులోకి వచ్చింది 2011లో పుట్టిన పార్టీ. అంటే మన ఓటర్లు పార్టీలను పడగొట్టలేనివాళ్లు కాదు. రెండుసార్లు పడగొట్టారు. కానీ పడగొట్టిన ప్రతిసారీ రెండు కుర్చీల్లో కూర్చున్న మనుషులు మారారు గానీ, కుర్చీలు మాత్రం రెండే మిగిలాయి. నేను చెప్పదలుచుకున్నది ఇదే. పట్టు పార్టీలది కాదు, మన చేతికిస్తున్న ఓటుది. ఒక్కరికే వేయాలి, ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు అన్న లెక్క ఉన్నంతకాలం ఓటరు మూడోవాడి వైపు చూడటానికి భయపడతాడు.

ఆ భయం ఎలా ఉంటుందో మా నియోజకవర్గానికి బాగా తెలుసు. 2019లో విజయవాడ సెంట్రల్‌లో గెలుపోటముల మధ్య తేడా 25 ఓట్లు. ఇరవై అయిదే. మా వీధిలో రెండు అపార్టుమెంట్లలో ఉండే ఓట్లు కూడా కావు. జనసేన మద్దతుతో పోటీ చేసిన సీపీఎంకు వేల ఓట్లు వచ్చాయి. ఫలితం వచ్చిన రాత్రి మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయనను నలుగురు చుట్టుముట్టారు. ఆయన జీవితమంతా ఎర్రజెండాకే ఓటేసిన మనిషి. "నీలాంటి వాళ్ల వల్లే పోయింది" అన్నారు. ఆయన ఏమీ అనలేదు, గ్లాసు కింద పెట్టి ఇంటికి వెళ్లిపోయారు. 2024లో అదే సీటులో తేడా 68 వేలు దాటింది. 68 వేల తేడాలో ఎవరి ఓటు ఎవరినీ ఓడించదు కదా. కానీ పోలింగ్ రోజు అది ఎవరికి తెలుస్తుంది? 25 మాత్రం అందరికీ గుర్తుంది. "గెలిచేవాడికి వేయాలి గానీ ఓటు మురగబెట్టుకుంటామా" అనే మాట ఇలాంటి రాత్రుల్లోనే పుడుతుంది. అది ఓటరు తెలివితక్కువతనం కాదు. ఉన్న లెక్కలో అతను చేయగలిగిన తెలివైన పని అదే.

మారిస్ డువెర్జర్ అనే ఫ్రెంచి పండితుడు 1951లోనే ఈ సంగతి రాశాడు. ఒక్క ఓటు, ఎక్కువ వచ్చినవాడే విజేత అన్న పద్ధతి ఉన్నచోట రాజకీయం రెండు పార్టీల వైపు జారుతుందని చెప్పాడు. మనం ఆయన పుస్తకం చదవక్కర్లేదు, మన లెక్కలు చూసుకుంటే చాలు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు 196లో 15. ఎదుటి పక్షాల్లో చాలావరకు ఒక్కటై నిలబడ్డాయి. ఆ ఫలితం గురించి మా నాన్న చనిపోయేదాకా మాట్లాడేవాడు. 2009లో ప్రజారాజ్యానికి 16 శాతం ఓట్లు, 294లో 18 సీట్లు వచ్చాయి. 2019లో జనసేన గెలిచింది ఒక్క రాజోలే. అదే పార్టీ 2024లో పొత్తులో 21 చోట్ల నిలబడి 21 గెలిచింది. ఆ రెండు పార్టీలకూ దూరంగా పోతే ఒకటి, ఇద్దరిలో ఒకరి పక్కన నిలబడితే ఇరవై ఒకటి. ఈ లెక్క చూసిన ఏ మూడో పార్టీ అయినా ఏం చేస్తుంది?

ఇంకో లెక్క మీరు గమనించారో లేదో. 2019లో ఓడిపోయిన పార్టీకి వచ్చిన ఓట్లు 39 శాతం చిల్లర, సీట్లు 23. 2024లో ఓడిపోయిన పార్టీకి వచ్చినవీ 39 శాతం చిల్లరే, సీట్లు 11. పార్టీలు వేరు, ఓడినవారి ఓటు మాత్రం దాదాపు ఒక్కటే. ఎంత ఘోరంగా ఓడినా అయిదుగురిలో ఇద్దరు వాళ్లతోనే ఉంటున్నారు. ఆ ఇద్దరిలో చాలామంది ప్రేమతో ఉండటం లేదు, ఎదుటివాడు రాకూడదని ఉంటున్నారు. నాకు కరెంటు బిల్లు కట్టే క్యూలో, రైతుబజారులో తగిలే మనుషులు చెప్పే మాట అదే. ఓడిన పార్టీ తప్పు దిద్దుకోవాల్సిన పని లేదు. ఎదుటివారి మీద జనానికి విసుగు పుట్టేదాకా ఆగితే చాలు.

దానికి మనం కడుతున్న ఖరీదు మన ఊరి చుట్టూనే కనిపిస్తుంది. అమరావతికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు. పొలాలిచ్చిన రైతులు ఏళ్ల తరబడి శిబిరాల్లో కూర్చున్నారు. 2025 మే 2న పనులు మళ్లీ ప్రారంభించారు. మన హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో మారింది, 2024లో మళ్లీ పాతది వచ్చింది. ఒక కాలేజీకి ఆ పేరుతో అప్లికేషన్ ఫారాలు వేసింది నేనే. రెండుసార్లు ప్లేట్లు మార్చాను. నాకు పని దొరికిందని సంతోషించలేకపోయాను. పేదవాడికి అయిదు రూపాయలకు అన్నం పెట్టే క్యాంటీన్లు కూడా 2019లో మూతపడి 2024 ఆగస్టులో తెరుచుకున్నాయి. ఆ మధ్య సంవత్సరాల్లో బస్టాండు దగ్గర కూలీల ఆకలికి పార్టీ లేదు.

2024 సెప్టెంబరు 1 గురించి కూడా చెప్పాలి. ఆ ఉదయం బుడమేరు వాగు నీళ్లు మా ప్రెస్సులోకి వచ్చాయి. కాగితం రీములు నీళ్లు తాగి ఇటుకల్లా ఉబ్బిపోయాయి. మిషను మోటారు పోయింది. రోజుల తరబడి నీళ్లు దిగలేదు. 2005లోనూ ఈ ప్రాంతం మునిగింది. మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు మారాయో మీకు తెలుసు. బుడమేరు మీద ఆక్రమణలు మాత్రం అలాగే ఉన్నాయి. నీళ్లు తగ్గాక ఒకరు వచ్చి "మీ కష్టానికి వాళ్లే కారణం" అన్నారు. తర్వాత ఇంకొకరు వచ్చి అదే మాట తిప్పి చెప్పారు. తడిసిన కాగితం పట్టుకుని నిలబడ్డ నాకు ఎవరి వాదనా అక్కరకు రాలేదు. ఆ నాలుగు రోజులూ నడుం లోతు నీళ్లలో పాల ప్యాకెట్లు, మంచినీళ్లు మోసుకొచ్చినవారిలో మీవాళ్లు ఉన్నారు. నాకు గుర్తుంది. మా పక్కింటి ముసలమ్మను మంచంతో సహా మోసి ట్రాక్టరు ఎక్కించిన కుర్రాడు ఏ పార్టీయో ఆ రోజు ఎవరం అడగలేదు. కానీ ఆ తర్వాత మీలో ఎంతమంది మా డివిజన్‌లో కనిపించారు? డ్రైనేజీ పూడిక తీయించమని కార్పొరేషన్ ఆఫీసుకు ఎన్నిసార్లు మాతో వచ్చారు?

ఈ ప్రశ్న కోపంతో అడగడం లేదు. కానీ మూడోవాడి మీద ఓటరుకు నమ్మకం పోవడానికి కారణం పోలింగ్ బూత్‌లో మాత్రమే లేదు. 2009లో 16 శాతం మంది నమ్మిన పార్టీ 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2019లో మూడో పార్టీ తరఫున గెలిచిన ఒక్కగానొక్క ఎమ్మెల్యే అధికార పక్షం వైపు నడిచారు. ఓటు మురిగిపోతుందని జనం భయపడేది ఓడిపోయినప్పుడే కాదు, గెలిచిన తర్వాత కూడా. మీరు ఉంటారని మాకు తెలియాలి.

నోటా గురించి మీలో కొందరు ప్రచారం చేశారు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో అది వచ్చింది, మంచిదే. కానీ అసెంబ్లీ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు పడ్డా తర్వాత వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. రెండు కుర్చీలను అది కదిలించదు.

మరి ఏది కదిలిస్తుంది? దానికి జవాబు మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లోనే ఉంది.

నేను బీకాం చదివాను. ఫారం 18 నింపి పట్టభద్రుల ఓటరుగా నమోదయ్యాను. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో బూత్‌లోకి వెళ్తే మిషను ఉండదు. బ్యాలెట్ పేపరు, వయొలెట్ స్కెచ్ పెన్ను ఇస్తారు. నచ్చినవారి పేరు ఎదురుగా 1 వేయాలి. తర్వాత నచ్చినవారికి 2, ఆ తర్వాత 3. ఒక్క 1 వేసి వదిలేసినా చెల్లుతుంది. చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ వచ్చినవారే గెలుస్తారు. ఎవరికీ అంత రాకపోతే అందరికంటే తక్కువ వచ్చిన అభ్యర్థిని తీసేసి, ఆ ఓట్లలో 2 ఎవరికి ఉందో వారికి కలుపుతారు. ఎవరైనా ఆ సగం లెక్క దాటేదాకా అలా సాగుతుంది. నేను వేసిన 1 ఓడిపోతే నా ఓటు చచ్చిపోదు, నా 2 దగ్గరికి నడుచుకుంటూ వెళ్తుంది. మొదటిసారి ఆ పేపరు మీద అంకెలు వేసినప్పుడు నాకు కలిగిన ధైర్యం ఇప్పటికీ గుర్తుంది. ఎవరు గెలుస్తారో లెక్కపెట్టుకోకుండా, నా మనసులో ఉన్న మనిషికి 1 వేశాను.

2019 మార్చి 22న జరిగిన కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఎన్నికలో ప్రోగ్రెసివ్ డెమొక్రాటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున కె.ఎస్. లక్ష్మణరావు గారు గెలిచారు. రెండు పెద్ద పార్టీల మనిషి కారు. సరిగ్గా ఇరవై రోజులకు, ఏప్రిల్ 11న, అవే జిల్లాల జనం అసెంబ్లీకి ఓటేశారు. రాష్ట్రంలో 175లో 174 ఆ రెండు పార్టీలకే వెళ్లాయి. అదే ఎండ, అదే ఊరు. పట్టభద్రుల సంఖ్య తక్కువే, ఆ ఎన్నికల్లో పెద్ద పార్టీలు కొన్నిసార్లు పక్కకు తప్పుకుంటాయి, ఒప్పుకుంటాను. 2025లో అదే స్థానంలో కూటమి అభ్యర్థి ఆలపాటి రాజేంద్రప్రసాద్ గారు గెలిచారు, లక్ష్మణరావు గారు ఓడిపోయారు. అంకెల బ్యాలెట్ ఉన్నంత మాత్రాన మూడోవాడు గెలుస్తాడని నేను అనడం లేదు. ఓటరు భయపడకుండా మూడోవాడి పేరు ఎదుట 1 వేయగలుగుతాడు, అంతే. మీకు నిజంగా ఎంత బలముందో అప్పుడు మీకూ తెలుస్తుంది, మాకూ తెలుస్తుంది. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానంలో తొలి ప్రాధాన్యత ఓట్లలో వెనకబడ్డ అభ్యర్థి రెండో ప్రాధాన్యత ఓట్లు కలిశాక గెలిచారు. అంటే పెద్ద పార్టీ కూడా చిన్నవారి ఓటర్ల దగ్గరికి వచ్చి "మీ 2 మాకు వేయండి" అని అడగాల్సి వస్తుంది. మా బుడమేరు సంగతి వాళ్లు అప్పుడు వింటారు.

బయటి దేశాల్లో జనం ఈ పని చేసి చూపించారు. న్యూజీలాండ్‌లో 1981లో ఒక మూడో పార్టీకి 20 శాతం పైగా ఓట్లు వస్తే 92లో రెండు సీట్లు దక్కాయి. అక్కడివాళ్లు ఆ అన్యాయాన్ని మరిచిపోలేదు. 1993లో రిఫరెండం జరిగితే దాదాపు 54 శాతం మంది కొత్త పద్ధతికి ఓటేశారు. 1996 నుంచి పార్టీకి వచ్చిన ఓట్లను బట్టి సీట్లు వస్తున్నాయి. ఆస్ట్రేలియాలో 1918 నుంచి కింది సభకు అంకెలు వేసే పద్ధతే ఉంది. అక్కడా చాలాకాలం రెండు పక్షాలదే రాజ్యం. కానీ 2022లో పదిమంది ఇండిపెండెంట్లు గెలిచారు. ఊరు ఊరంతా ముందు నుంచీ పనిచేసుకున్నచోట గెలిచారు.

మనకు రిఫరెండం లేదు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల పద్ధతి మార్చాలంటే ఢిల్లీలో చట్టం మారాలి. అది మన చేతిలో లేదు, మన ఎమ్మెల్యేల చేతిలోనూ లేదు. కానీ కార్పొరేషన్లు, మున్సిపాలిటీల ఎన్నికల మీద చట్టం చేసే అధికారం రాజ్యాంగం 243 జడ్‌ఏ అధికరణం కింద రాష్ట్ర అసెంబ్లీకి ఉంది. మన విజయవాడ కార్పొరేషన్‌లో 64 డివిజన్లు. 2021లో మన దగ్గర మున్సిపల్ ఎన్నికలు బ్యాలెట్ పేపరుతోనే జరిగాయి. మిషన్లు మార్చాల్సిన పని కూడా లేదు. స్వస్తిక్ ముద్ర బదులు పెన్ను, ఒక గుర్తు బదులు అంకెలు. అచ్చు పనివాడిగా చెబుతున్నాను, ఆ పేపరు వేయడానికి ఒక్క పైసా ఎక్కువ ఖర్చు కాదు. "చదువు రానివాళ్లకు అంకెలు తెలియవు" అంటారు. బస్సు నంబరు చూసి ఎక్కే మనిషికి, సెల్‌ఫోనులో మనవడికి కాల్ చేసే ముసలమ్మకు ఒకటి, రెండు తెలియవా? పట్టభద్రుల ఎన్నికల్లో చెల్లని ఓట్లు వేలల్లో పడుతున్నాయి, నిజమే. అంకె బదులు టిక్కు పెట్టేవారున్నారు, సంతకం చేసేవారున్నారు. అది నేర్పితే పోయే తప్పు. అలా నేర్పే కరపత్రం నేనే వేస్తాను.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నది ఇది. ఈసారి గుర్తు వచ్చిన రాత్రి కాదు, ఇప్పుడే రండి. మీలో ఒకరు అసెంబ్లీకి నిలబడి డిపాజిట్ పోగొట్టుకునే బదులు ఒక్క డివిజన్ ఎంచుకుని అక్కడే ఉండండి. ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చుకు పరిమితి 40 లక్షలు, పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. ఆ డబ్బుతో మీరు పోటీ పడలేరు. డివిజన్‌లో కాళ్లతో పోటీ పడొచ్చు. 2021లో విజయవాడ 64లో వైసీపీకి 49, టీడీపీకి 14 వస్తే, సీపీఎంకు ఒకటి దక్కింది. ఆ ఒక్కటి ఎలా వచ్చిందో ఆ వీధుల్లోకి వెళ్లి అడగండి. ఒకే డివిజన్‌లో మీరు నలుగురు నిలబడి మీలో మీరే చీలిపోకండి. మా ఓటు చీలిందని మీరు బాధపడతారు, ముందు చీల్చింది మీరే.

అన్నిటికంటే ముఖ్యంగా, మున్సిపల్ ఎన్నికలకు అంకెల బ్యాలెట్ కావాలని మీరంతా కలిసి అడగండి. ఎర్రజెండావారు, నీలిజెండావారు, ఏ జెండా లేనివారు, అందరూ ఒకే కాగితం మీద. మీ సిద్ధాంతాలు ఒకటి కావని తెలుసు. ఈ ఒక్క విషయంలో మీ అందరి అవసరం ఒకటే. ఆ కాగితం పట్టుకుని ప్రతి ఎమ్మెల్యే దగ్గరికీ వెళ్దాం, నేనూ వస్తాను. మద్దతు ఇస్తానన్నవారి పేరు, ఇవ్వనన్నవారి పేరు వీధి వీధికీ చెబుదాం.

ఎన్నికల కరపత్రం మీద అచ్చేసినవారి పేరు, ప్రచురించినవారి పేరు తప్పనిసరిగా ఉండాలని చట్టం. మనం అందరం కలిసి వేసే ఆ కాగితం ఎన్నికల కరపత్రం కాకపోయినా ఆ రెండు వరుసలూ పెడదాం. డెమీ సైజులో డమ్మీ కంపోజ్ చేసి ఉంచాను. మొదటి అయిదు వేల కాపీలకు కాగితం, అచ్చు నావి. ముద్రణ అన్న చోట నా ప్రెస్సు పేరు పడింది. ప్రచురణ అన్న చోట ఒక్క పేరుకు బదులు మీ అందరి పేర్లూ పట్టేలా ఆరు వరుసలు ఖాళీ వదిలాను. ఆదివారం కూడా షాపు తెరిచే ఉంటుంది.

ఇట్లు,
ఒక ప్రెస్సు యజమాని,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ